ఏం దేవులాడుతున్నవ్?

జియోకాషింగ్ ఆడేవాళ్ళ లెక్కలో మీరంతా మగుల్స్. హ్యారీ పాటర్ చదివినవాళ్ళకి ఈ మాట తెలిసే ఉంటుంది: మంత్రాలు రాని మామూలు మనుషులు. ఈ ఆటలో మగుల్ అంటే, మనం ఏ పొద కిందకో వంగి చూస్తుంటే దారిన పోతూ ఆగే ప్రతివాళ్ళూ. వాకింగ్‌కి వచ్చిన అంకుల్, కుక్కని తిప్పే ఆంటీ, స్కూలు ఎగ్గొట్టిన పిల్లలు, సెక్యూరిటీ గార్డు. వీళ్ళెవరి కంటా పడకుండా డబ్బా వెతకాలి, తీయాలి, లోపలున్న కాగితం మీద పేరు రాయాలి, మళ్ళీ అక్కడే దాచెయ్యాలి. వాళ్ళ కంటబడి, వాళ్ళు దాన్ని పట్టుకుపోయారనుకోండి, డబ్బా 'మగుల్ అయిపోయింది' అంటారు. పాపం, డబ్బాకేదో జబ్బు చేసినట్టు.

నాకీ మాట మొదట్నుంచీ గిట్టదు. ఏడేళ్ళుగా ఆడుతున్నాను. దొరికిన డబ్బాల్లో సగం ఎలా ఉండేవో కూడా గుర్తు లేదు. వెతుకుతుంటే వచ్చి పలకరించినవాళ్ళు మాత్రం చాలామంది గుర్తున్నారు.

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2000 మే 1 దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాల్ని కావాలనే చెడగొట్టి వదిలేది. మనం ఎక్కడున్నామో వంద మీటర్లు అటూ ఇటూగా చెప్పేది. ఆ రాత్రి క్లింటన్ ప్రభుత్వం ఆ మసక తీసేసింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో, బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. బకెట్లో పుస్తకాలు, వీడియో క్యాసెట్లు, ఒక పంగలకర్ర, ఒక బీన్స్ డబ్బా. దొరికినవాళ్ళు ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి, పుస్తకంలో రాసి పోవాలి. అదే ఆట. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ముప్పై లక్షలకి పైగా ఇలాంటి డబ్బాలున్నాయి. అగ్గిపెట్టెంతవి ఉన్నాయి, బియ్యం డ్రమ్మంతవీ ఉన్నాయి.

అసలు కిటుకు ఎక్కడుందంటే, ఫోను మనల్ని డబ్బా దాకా తీసుకెళ్ళదు. నాలుగైదు మీటర్ల దూరంలో వదిలేసి, ఇక నీ తిప్పలు నువ్వు పడు అంటుంది. చెట్ల కింద, రాళ్ళ మధ్య అయితే పది మీటర్లు కూడా తేడా కొడుతుంది. అక్కడ్నుంచి కళ్ళతోనూ చేతులతోనూ వెతుక్కోవాలి. రెండడుగులు ముందుకి, ఫోను చూడటం, మూడడుగులు వెనక్కి, ఫోను చూడటం, గోడ సందులో చెయ్యి పెట్టడం. సరిగ్గా ఈ ఘట్టంలోనే పక్కన ఎవరో వచ్చి నిలబడతారు.

నేను ఇది నేర్చుకున్నది సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో, ఉద్యోగం కోసం ఉన్న రెండేళ్ళలో. ఆట నడిపే కంపెనీ సియాటిల్‌లోనే ఉంది, ఆ చుట్టుపక్కల ఎటు చూసినా డబ్బాలే. అక్కడి జనం మనల్ని చూడనట్టు నటిస్తారు, అదొక మర్యాద. ఎవరైనా ఆగితే 'కెన్ ఐ హెల్ప్ యూ?' అంటారు. మాట సాయానిదే. గొంతు మాత్రం 'ఇక్కడ నీకేం పని?' అని అడుగుతుంది. ఒక సాయంత్రం ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో దీపస్తంభం పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆ స్తంభాల అడుగున బోల్టుల్ని కప్పుతూ లంగాలాంటి రేకు తొడుగు ఒకటి ఉంటుంది. ఎత్తితే పైకి జరుగుతుంది. దాని కింద డబ్బా దాచడం అమెరికాలో మహా అరిగిపోయిన ఎత్తు. నేను రేకు ఎత్తి, కాగితం చుట్ట విప్పి, పేరు రాసేలోపు పోలీసు కారు వచ్చి ఆగింది. ఎవరో కారులోంచి చూసి ఫోన్ చేశారట. కుర్ర ఆఫీసరు, మర్యాదగానే అడిగాడు. కాగితం చూపించాను. 'ఓ, మా చెల్లెలు కూడా ఆడుతుంది' అని నవ్వి వెళ్ళిపోయాడు. అంతే, రెండు నిమిషాల వ్యవహారం. ఆ తర్వాత మాత్రం చేతులు రెండూ అందరికీ కనపడేలా పెట్టుకుని వెతకడం అలవాటైంది. నాతో కలిసి ఆడే తెల్లమ్మాయికి అలా చేతుల గురించి ఆలోచించాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

జనం భయపడటంలో ఆశ్చర్యం లేదు కూడా. 2011లో ఇంగ్లండ్‌లో వెథర్బీ అనే ఊళ్ళో ఒక కెఫే బయట ఎవరో వంగి ప్లాస్టిక్ డబ్బా పెట్టడం చూసి పోలీసులకి చెప్తే, బాంబు స్క్వాడ్ వచ్చి దాన్ని పేల్చేసింది. తీరా చూస్తే మా ఆట డబ్బా. డబ్బా మీద ఆట పేరు స్పష్టంగా రాయమని మాకు పదే పదే చెప్పేది ఇందుకే.

అక్కడి పాత ఆటగాళ్ళు కొత్తవాళ్ళకి ఒక చిట్కా చెప్తారు. లైటు పడితే మెరిసే ఆ పచ్చ జాకెట్ వేసుకో, చేతిలో రాతపలక పట్టుకో, ఇక పట్టపగలు నడిబజార్లో వెతికినా నిన్ను ఎవ్వరూ చూడరు. నిజమే, పనిచేస్తుంది. జాకెట్ వేసుకున్న మనిషి స్తంభంలో, గోడలో కలిసిపోతాడు. ఏదో డిపార్టుమెంటు వాడు, వాడి పని వాడు చేసుకుంటున్నాడు అనుకుంటారు. ఈ చిట్కాని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

హైదరాబాద్ తిరిగొచ్చాక మొదటిసారి వెతికింది ఖాజాగూడ గుట్టల దగ్గర. ఇక్కడ డబ్బాలు తక్కువ, మనుషులు ఎక్కువ. పొద్దున్నే వెళ్ళాను, ఎవరూ ఉండరని. ఒక బండ సందులోకి టార్చి వేసి చూస్తుంటే వెనకనుంచి గొంతు: "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

మాది గుంటూరు. మేం వెతుకుతాం. దేవులాడటం అనే మాట హైదరాబాద్ వచ్చాకే చెవిన పడింది. వెతకడంలో కళ్ళు ఎక్కువ, దేవులాడటంలో చేతులు ఎక్కువ అని నాకనిపిస్తుంది. చీకట్లో మంచం కింద చెప్పు కోసం తడుముకోవడం లాంటిది. ఈ ఆటకి ఇంతకన్నా సరైన క్రియాపదం లేదు.

ఆ పెద్దాయన నా జవాబు కోసం ఆగలేదు. పంచె పైకి దోపుకుని పక్క బండ కింద చూడటం మొదలుపెట్టాడు. ఆయన వంగాడని ఇంకో ఇద్దరు వంగారు. కాలేజీ కుర్రాడు ఒకడు ఫోను లైటు వేశాడు. పది నిమిషాలు అయిదుగురం గుట్ట మీద పడి వెతికాం. అప్పటికి గానీ పెద్దాయనకి సందేహం రాలేదు. "ఇంతకీ ఏం పోయిందో చెప్పకుంటే ఎట్ల దేవులాడాలె?"

అమెరికాలో మనల్ని చూసినవాళ్ళకి మనం ఏదో పెడుతున్నామేమో అని భయం. ఇక్కడ చూసినవాళ్ళకి మనం ఏదో పోగొట్టుకున్నామని నమ్మకం. పాతబస్తీలో అయితే తిన్నగా "క్యా గుమ్ గయా ఆపా?" అనే అడుగుతారు. 'ఏం వెతుకుతున్నారు' అనే మెట్టు ఎక్కరు, దాటి వచ్చేస్తారు. పోయింది కాబట్టే కదా వెతుకుతోంది.

ఈ నమ్మకంతో చెలగాటం ఆడకూడదు. నాతో ఆడే ఫ్రెండ్ ఒకతి సంజీవయ్య పార్కులో ఎవరో అడిగితే తేలిగ్గా వదిలించుకుందామని 'చెవి దిద్దు పడిపోయింది' అంది. అంతే. బంగారమా? ఎన్ని గ్రాములు? అమ్మగారు పెట్టిందా, అత్తగారు పెట్టిందా? నడుస్తున్న ఆడవాళ్ళంతా చున్నీలు నడుముకి బిగించి గడ్డిలో కూర్చున్నారు. ఒకావిడ తోటమాలిని పిలిచి నీళ్ళ పైపు కట్టించింది. ముప్పావు గంట తర్వాత మా ఫ్రెండే 'ఇంట్లో పడిందేమో' అని మెల్లగా తప్పుకుంటుంటే, ఒక పెద్దావిడ వెనకాలే వచ్చి చేతిలో యాభై నోటు పెట్టబోయింది. 'ఆటోలో పో తల్లీ, నడవకు, కాళ్ళు వణుకుతుంటయ్. ఇంట్ల ఇయ్యాల్నే చెప్పకు.' ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం: బంగారం పేరు ఎత్తకూడదు.

నేను చాలావరకు నిజమే చెప్తాను. కానీ నిజం నిలబడదు. "ఆట అండీ, డబ్బా దొరకాలి." దొరికితే ఏమిస్తరు? ఏమీ ఇవ్వరు. దాచినోళ్ళకేమొస్తది? ఏమీ రాదు. మరి నీకు? పేరు రాసుకుంటాను. ఎక్కడ, పేపర్లోనా? కాదు, డబ్బాలో ఉండే కాగితం మీద. ఆ కాగితం ఎవరు చూస్తరు? ఇలా నాలుగు ప్రశ్నలయ్యేసరికి నాకే అనుమానం వస్తుంది. ఒకాయనైతే అంతా విని, చాలా జాలిగా, "ఉద్యోగం ఏమన్న చేస్తున్నవా అమ్మా?" అన్నాడు.

ఆడపిల్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. 2011లో ముంబై ఆడవాళ్ళ మీద వచ్చిన 'వై లాయిటర్?' అనే పుస్తకంలో ఒక మంచి వాదన ఉంది: ఊళ్ళో ఆడది బయట కనపడాలంటే ఏదో ఒక పని మీద వచ్చినట్టుండాలి, ఊరికే నిలబడే హక్కు ఆమెకి లేదు. నేను ఊరికే కూడా నిలబడను, నిలబడి గోడలు తడుముతాను. సాయంత్రం ఆరు దాటితే ప్రశ్నలో బిడ్డా పోయి మేడం వస్తుంది, గొంతు మారుతుంది, నేను డబ్బా వదిలేసి వచ్చేస్తాను. నా జాబితాలో 'దొరకలేదు' అని ఉన్నవాటిలో చాలా వాటికి అసలు కారణం ఇదే. వెలుగుంటే దొరికేవే.

పాత కట్టడాల చుట్టుపక్కలకి పోతే ఊహలు ఇంకో దారి పడతాయి. అక్కడ మనిషి, ఫోను, వెతుకులాట, ఈ మూడూ కలిస్తే తేలే అర్థం ఒక్కటే: గుప్త నిధులు. మన రెండు రాష్ట్రాల్లో ఈ వార్త రాని నెల ఉండదు. పాడుబడ్డ గుడిలో నంది కింద తవ్వారు, కోట బురుజు దగ్గర పూజలు చేశారు, అరెస్టయ్యారు. మనుషులే కాదు, సర్కారు కూడా ఆ ఆశకి లొంగిన సందర్భం ఉంది. 2012 జనవరిలో సచివాలయానికి దగ్గర్లో నౌబత్ పహాడ్ కింద ఒక స్కూలు ఆవరణలో పురావస్తు శాఖ నిధి ఉందని కొన్నాళ్ళు తవ్వించింది. మట్టి, రాళ్ళు తప్ప ఏమీ దొరక్క ఆపేసింది. అలాంటి ఊళ్ళో, ఒక పాత బావి దగ్గర ఒకతను నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి "మిషన్ తెచ్చిన్రా?" అని అడిగితే ఏమనాలి? బంగారాన్ని పసిగట్టే మిషన్ అట. నా డబ్బాలో ఉండేవి చెప్పాను: ఒక రబ్బరు, ఒక కీచైన్, బొమ్మ కారు, రూపాయి బిళ్ళ. స్థలం ఎవరిదో వాళ్ళు ఒప్పుకోకుండా తవ్వడం ఈ ఆటలో నిషేధం అని కూడా చెప్పాను. నమ్మలేదు. "మాకేం వద్దులే, దొరికితే ఇంత గుడికియ్యున్రి" అన్నాడు.

దీని మీద ఒక చట్టం ఉంది, 1878 నాటిది. భూమిలో దాచిన నిధి ఎవరికైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. బ్రిటిష్ కాలం నాటి పది రూపాయలు. రూపాయి బిళ్ళనీ రబ్బరునీ కలిపి చూసుకున్నాను. కీచైన్ ఒక్కటే కాస్త ప్రమాదకరం.

ఇప్పుడు ఆ పచ్చ జాకెట్ సంగతి.

2024 డిసెంబర్లో ఒక ఫ్రెండ్ పెట్టిన డబ్బా కోసం మూసీ వెంట నడిచాను. చాలా శ్రద్ధగా తయారుచేసిన ఆట అది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర మొదలవుతుంది. 1908 వరదలో నూట యాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు. అక్కడి బోర్డు మీద అంకెల్ని కూడితే తర్వాతి చోటు వస్తుంది. ఆ చోటు నదికి కిందుగా, చాదర్‌ఘాట్ వైపు. ఎండగా ఉంది, తలకి టోపీ, మెడలో ఆఫీసు ఐడీ కార్డు తీయడం మర్చిపోయి అలాగే ఉంది. ఒక సందు చివర ఫోను చూస్తూ రెండడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి వేస్తున్నాను.

ఈసారి వెనకనుంచి పలకరింపు రాలేదు. తలెత్తి చూసేసరికి గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. పిల్లలు కూడా. నా పక్క గోడ మీద ఎర్ర రంగుతో రెండు అక్షరాలు, ఒక గీత, ఒక ఇంటూ గుర్తు: ఆర్‌బీ-ఎక్స్. సెప్టెంబర్లో మూసీ ఒడ్డున సర్వే చేసినప్పుడు నదీగర్భంలో ఉన్నాయని గుర్తించిన ఇళ్ళ మీద రాసిన గుర్తు. పేపర్లలో ఫోటోలు చూసినదే.

ఒక పెద్దావిడ మెట్టు దిగి వచ్చింది. "సర్వేనా బిడ్డా?"

కాదన్నాను. ఆట అని చెప్పడానికి నోరు రాలేదు, కానీ వేరే ఏం చెప్పినా ఇంకా అనుమానం పెరుగుతుంది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపి ఫోను అడిగింది. ఇచ్చాను. మ్యాపుని కాసేపు చూసి, "మా ఇల్లు ఇండ్ల ఏడున్నది?" అంది. పైనుంచి తీసిన ఫోటో పెట్టి, వేళ్ళతో పెద్దది చేసి చూపించాను. నీలం పట్టా కప్పిన కప్పు, పక్కన నీళ్ళ ట్యాంకు నల్లటి చుక్కలా. ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చి వాళ్ళ వాళ్ళ ఇళ్ళు చూపించమన్నారు. చూపించాను. ఒకమ్మాయి తన ఇంటి మీద ఆరేసిన బట్టలు గుర్తుపట్టి 'ఇది ఎండాకాలంది, అప్పుడు రేకులు మార్చలే' అంది.

పెద్దావిడ ఇంకా చూస్తూనే ఉంది. "గీత ఏది?"

ఏ గీత?

"నది గీత. ఏడిదాక నది, ఏడికెల్లి ఇండ్లు, ఆ గీత."

నా మ్యాపులో గీతలుండవమ్మా, డబ్బాలే ఉంటాయి అన్నాను.

"మీ దాంట్ల లేదు. వాళ్ళ దాంట్ల ఉన్నది" అని ఫోను తిరిగిచ్చేసింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ముప్పై రెండేళ్ళుగా అక్కడే ఉంటోందట, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పరుపు కింద ఉంచిందట. తీసుకొస్తానని లేచింది. నేను ఎవర్నీ కాదని మళ్ళీ చెప్పాను. "తెల్సులే, జరంత చూడు" అని తెచ్చింది. చూశాను. రసీదు మడతల దగ్గర చిరిగిపోయి, వెనకనుంచి టేపు అంటించి ఉంది.

డబ్బా అక్కడికి ఎనిమిది మీటర్లలో ఉందని ఫోను చూపిస్తూనే ఉంది. వెతకలేదు. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్తే అతను ఆ వారమే దాన్ని తీసేసి, ఆటలో ఆ పేజీ మూసేశాడు. అతను డబ్బా పెట్టింది అంతకు ముందు ఏడాది. అప్పుడు ఆ గోడల మీద అక్షరాల్లేవు. సందులో తిరిగే కుర్రాళ్ళు అతనితో పాటు వెతికి ఆడుకున్నారట.

అమెరికా చిట్కా ఇక్కడ పనిచేయకపోవడం కాదు, మరీ ఎక్కువ పనిచేస్తుంది. పచ్చ జాకెట్, రాతపలక, కొలిచే పరికరం. వీటితో అక్కడ మనిషి మాయమైపోతాడు. చెరువు కట్టల మీదా నాలాల పక్కనా అవే వేసుకుని దిగితే బస్తీ బస్తీ గుమ్మంలోకి వస్తుంది, పరుపుల కింద కవర్లన్నీ బయటికి వస్తాయి. నేను ఇప్పుడు అలాంటి చోట్లకి ఐడీ కార్డు, టోపీ లేకుండా పోతాను. చేతిలో ఫోను ఉంటుంది, దానికేం చేయలేం.

ఇక నా సొంత డబ్బా గురించి. ఆడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తామూ ఒకటి దాచాలి, స్థలం ఎవరిదో వాళ్ళని అడిగి మరీ దాచాలి. మారేడ్‌పల్లిలో మా వీధి చివర టీకొట్టు ఉంది. దాని ఇనప బోర్డు వెనక అయస్కాంతంతో అతుక్కునే చిన్న పెట్టె పెడతానని కొట్టు అన్నని అడిగాను. ఆయన ప్రశ్నలు మామూలే: ఎంతిస్తవ్, ఏమొస్తది, పోలీసోళ్ళు వస్తరా. అన్నిటికీ జవాబులయ్యాక పెట్టె తెరిచి చూపించమన్నాడు. లోపలి కాగితం చూసి, "ఈడ ఫస్టు పేరు ఎవరిది?" అన్నాడు. ఎవరు ముందు కనుక్కుంటే వాళ్ళది, ఆ మొదటి పేరు కోసం ఈ ఆటలో అర్ధరాత్రి కారేసుకుని పరిగెత్తేవాళ్ళుంటారని చెప్పాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి తన పేరు రాసేశాడు.

దాచిన చోటు గురించి ఎవరికీ చెప్పకూడదని గట్టిగా చెప్పాను. చెప్పనన్నాడు. రెండు నెలల్లో కాగితం మీద పదకొండు పేర్లొచ్చాయి. మా ఊళ్ళో ఆడే మొత్తం మందిని లెక్కేసుకున్నా ఇది ఎక్కువే. చూస్తే అందులో ఆటో డ్రైవర్లు, పాలబ్బాయి, పక్క మెడికల్ షాపు ఆయన, ఇద్దరు ఇంటర్ పిల్లలు ఉన్నారు. పెట్టెలో అరిగిపోయిన బీడీల లైటర్ ఒకటి, మల్లన్న స్వామి చిన్న ఫోటో ఒకటి కొత్తగా చేరాయి, బొమ్మ కారు పోయింది. నిబంధన ప్రకారమే, తీసుకుంటే పెట్టాలి.

మొన్న ఆదివారం కొట్టు లోపలి బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే ఒక జంట వచ్చింది. ట్రెక్కింగ్ బూట్లు, నీళ్ళ సీసాలు. ఆయన బోర్డు వైపు చూడనట్టు చూస్తున్నాడు. ఆమె బోర్డు కిందే వంగి, విప్పి ఉన్న లేసుని విప్పి మళ్ళీ కడుతోంది. ఎన్నేళ్ళు నేను వేసిన వేషమో అది. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. కొట్టు అన్న పాలగిన్నె దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తాపీగా అడిగాడు.

"ఏం దేవులాడుతున్నరు సార్?"

"ఏం లేదండీ, బైక్ తాళాలు పడిపోయాయి."

"తాళాలైతే నాకు తెల్వదు" అన్నాడు అన్న. "డబ్బా అయితే చాయ్ తాగినంక చూపెడ్త."